సముద్రం లేని ఊరి నుంచి ఐదున్నర అడుగుల రాడ్‌తో

ఒక ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ డాబా మీద లీటరు నీళ్ళ సీసాకి గాలపు దారం (లైన్) కట్టి తొమ్మిదడుగుల గాలపు రాడ్‌తో ఎత్తాను. సీసా లేచింది కానీ జానెడు ఎత్తులోనే నా మణికట్టు వణకడం మొదలైంది. పది సెకన్లు కూడా నిలపలేకపోయాను. తర్వాత అదే సీసాని ఐదున్నర అడుగుల రాడ్‌తో ఎత్తాను. హాయిగా నడుం ఎత్తు దాకా లేచింది, అక్కడ నిలబెట్టి ఫోన్ కూడా చూసుకోగలిగాను. చివరికి రాడ్ పక్కన పెట్టి లైన్ చూపుడు వేలికి చుట్టుకుని ఎత్తాను. అప్పుడది ఉత్త లీటరు నీళ్ళే.

గాలం వేసేవాళ్ళలో చాలామంది రాడ్ ఎంత పొడుగైతే అంత బలం అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని ఒక సంవత్సరం పోగొట్టుకున్నాను. చేప రాడ్ కొసని కిందికి లాగుతుంది, మనం పిడిని పట్టుకుని ఉంటాం. రాడ్ పొడుగు పెరిగేకొద్దీ చేప చేతిలోని మీట పెరుగుతుంది. కిలో బరువు లాగే చేప కూడా పొడుగు రాడ్ కొసన వేలాడితే మన మణికట్టుకి అంతకు ఎన్నో రెట్లు భారంగా తెలుస్తుంది. పొట్టి రాడ్‌తో ఆ లాభం మన వైపుకి వస్తుంది. దూరం విసరాలంటే పొడుగు రాడ్ కావాలి, లోతు నుంచి పైకి లాగాలంటే పొట్టిదే మేలు. ఈ ఒక్క మాట మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

నేను పుట్టి పెరిగింది చిక్కడపల్లిలో. ఇప్పుడు ఉండేది మియాపూర్‌లో. ఎటు చూసినా సముద్రం వందల కిలోమీటర్ల అవతలే. ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడిది భీమిలి దాటాక వచ్చే ఒక మత్స్యకార పల్లె. వాళ్ళ మేనమామకి ఇంజను పెట్టిన ఫైబర్ తెప్ప ఉంది. మూడేళ్ళ కింద సంక్రాంతి సెలవులకి అతనితో కలిసి వెళ్ళాను. మావయ్యగారు మమ్మల్ని తెల్లవారుజామున సముద్రం మీదికి తీసుకెళ్ళారు. అప్పటి నుంచి ఆయన నాకూ మావయ్యే.

ఆ మొదటిసారి నా చేతిలో ఉన్నది బీచ్ నుంచి విసిరే తొమ్మిదడుగుల రాడ్, ఎవరినో అడిగి తెచ్చుకున్నది. తెప్ప మీద ముగ్గురం కూర్చుంటే దాన్ని తిప్పడానికే చోటు లేదు. కొస ఒకసారి మిత్రుడి చెవి పక్క నుంచి పోయింది. చేప తెప్ప పక్కకి వచ్చాక రాడ్ కొస మాత్రం నా చేతికి అందనంత దూరంలో ఊగుతోంది. గుప్పెడంత పార చేప ఒకటి, దాన్ని లోపలికి తీసుకోవడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. ఆ పక్కనే మావయ్య ఒట్టి చేతి తాడుతో మూడు చేపలు తీశారు. ఆ రోజు ఆయన చేతుల వైపు సరిగా చూడలేదు, నా రాడ్‌తోనే సరిపోయింది.

తిరిగొచ్చాక పొట్టి రాడ్ కొనాలని నిశ్చయించుకున్నాను. అక్కడా మొదట తప్పటడుగే పడింది. మీటరు పొడవుండే, మడిస్తే జేబులో పట్టే టెలిస్కోప్ రాడ్ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. ఊరి బయట డబ్బు కట్టి గాలం వేసుకోనిచ్చే ఒక చెరువులో రెండు ఆదివారాలు బాగానే పనిచేసింది. మూడో వారం అర కేజీ చేపని గట్టు దగ్గరికి తెచ్చి, వంగి అందుకోవడానికి రాడ్‌ని నిట్టనిలువుగా పైకి లేపాను. ఎండుపుల్ల విరిచినట్టు చప్పుడైంది. కొస నుంచి నాలుగంగుళాల దగ్గర విరిగిపోయింది. అమ్మినవాళ్ళని తప్పుపట్టాలనిపించింది గానీ, తర్వాత ఆలోచిస్తే తప్పు నాదే. రాడ్ బరువు మోసేది పిడి దగ్గరి లావుపాటి భాగంతో. చేప మన కాళ్ళ దగ్గర ఉన్నప్పుడు రాడ్‌ని నిలువుగా లేపితే పిడి పనిచేయడం మానేస్తుంది, భారమంతా పుల్లలాంటి కొస మీద పడుతుంది. రాడ్ ఎంత పొట్టిదైతే ఆ ప్రమాదం అంత తొందరగా వస్తుంది. అప్పటి నుంచి నాకు నేను పెట్టుకున్న హద్దు: రాడ్ పిడి నేలకి నలభై ఐదు డిగ్రీలు దాటి లేవకూడదు. మిగతా ఎత్తు వలబుట్టతో పూర్తి చేయాలి.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. క్రీడగా చేపలు పట్టేవాళ్ళ ప్రపంచ రికార్డులు నమోదు చేసే అంతర్జాతీయ సంఘం, ఐజీఎఫ్ఏ, 1939లో మొదలైంది. వాళ్ళ నియమాల ప్రకారం రీల్ (లైన్ చుట్టే చక్రం) మధ్య భాగం నుంచి రాడ్ కొస దాకా కనీసం 40 అంగుళాలు, అంటే 101.6 సెంటీమీటర్లు ఉండాలి. వెనక పిడి 27 అంగుళాలు మించకూడదు. అంటే నా విరిగిన మీటరు రాడ్‌తో ఎంత పెద్ద చేప పట్టినా ఆ లెక్కలోకి రాదు. రికార్డుల మీద నాకు ఆశ లేదు. కానీ ఆ 40 అంగుళాల హద్దు చూశాక ఒకటి అర్థమైంది. రాడ్ అనేది వంగాలి, వంగి చేప కుదుపుల్ని మింగాలి. మరీ పొట్టిదైతే వంగడానికి ఒళ్ళే ఉండదు, ప్రతి కుదుపూ నేరుగా లైన్ మీద పడుతుంది. సన్నని లైన్ వాడేవాళ్ళకి అదే చేటు.

అందుకే చివరికి ఐదున్నర అడుగుల దగ్గర ఆగాను. రెండు ముక్కలది, ఒక్కో ముక్క మూడడుగుల లోపే. రాడ్ మీద రాసి ఉన్న అంకెల్ని ఈసారి శ్రద్ధగా చదివాను. 5 నుంచి 25 గ్రాముల ఎర దాకా, పీఈ 0.6 నుంచి 1.2 లైన్ దాకా అని ఉంది. పీఈ అంటే అల్లిన లైన్ లావుని చెప్పే అంకె. ఆ అంకెలు దాటితే రాడ్ మనకి సాయం చేయదు. షాపుల్లో పవర్ అనీ యాక్షన్ అనీ రెండు మాటలు వాడతారు, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. రాడ్ వంగడానికి ఎంత బలం కావాలో చెప్పేది పవర్, ఎక్కడ వంగుతుందో చెప్పేది యాక్షన్. కొస మాత్రమే వంగితే ఫాస్ట్, నడుం దాకా వంగితే మోడరేట్. నేను తీసుకున్నది నడుం దాకా వంగేది. సన్నని లైన్‌కి అదే కాస్త దయగా ఉంటుంది. 2500 సైజు రీల్, ఎనిమిది పేటలు అల్లిన బ్రెయిడ్ లైన్, దాని కొసకి గాలం ముందు కట్టే ఫ్లోరోకార్బన్ లీడర్, అన్నీ కలిపి తొమ్మిది వేలు దాటలేదు. మీటరు రాడ్ మీద పోగొట్టుకున్నది కలపలేదు.

బ్రెయిడ్ గురించి ఒక మాట. అది సాగదు. అందుకే పది బారల లోతులో చేప ముట్టినా మన వేలికి తెలుస్తుంది. సాగకపోవడమే దాని చెడ్డ గుణం కూడా, కుదుపు తట్టుకోలేదు. పైగా నున్నగా ఉంటుంది కాబట్టి స్పూల్ (రీల్‌లో లైన్ చుట్టుకునే గిలక) మీద నేరుగా కడితే మొత్తం చుట్ట అలాగే జారి తిరుగుతుంది. మొదటిసారి నాకు అదే జరిగింది. డ్రాగ్ (స్పూల్‌ని పట్టి ఉంచే బ్రేకు) ఎంత బిగించినా లైన్ పోతూనే ఉంటే రీల్ పాడైందనుకున్నాను. కింద ఓ పదిహేను చుట్లు మామూలు నైలాన్ వేసి దాని మీద బ్రెయిడ్ చుట్టాక సరిపోయింది. స్పూల్ అంచు దాకా నింపకుండా రెండు మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి. లేకపోతే విసిరిన ప్రతిసారీ చుట్లు గుంపుగా లేచి ముడిపడతాయి.

బ్రెయిడ్‌ని లీడర్‌కి కలిపే ముడి నేర్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఎఫ్‌జీ ముడి అంటారు. బ్రెయిడ్‌ని బిగువుగా పట్టుకుని దాని చుట్టూ లీడర్‌ని ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి తిప్పుకుంటూ ఇరవై చుట్లు వేయాలి. జడ అల్లినట్టే. ఇందులో లీడర్‌కి నిజానికి ముడి అంటూ ఏదీ పడదు. ఎంత లాగితే అల్లిక లీడర్‌ని అంత గట్టిగా కొరుకుతుంది. సన్నగా ఉంటుంది కాబట్టి రాడ్ రింగుల్లోంచి తట్టుకోకుండా పోతుంది. బ్రెయిడ్ ఒక చివర హాల్లో కిటికీ గ్రిల్‌కి కట్టి రాత్రి తొమ్మిది తర్వాత కూర్చునేవాణ్ణి. అమ్మ పక్కన టీవీ చూస్తూ, కొన్నాళ్ళయ్యాక నా చేతుల వైపు చూడటం మొదలుపెట్టింది. ఒకరోజు "పూలు కట్టేటప్పుడు దారం కాలి బొటనవేలికి పట్టించినట్టు దాన్ని బిగువుగా ఉంచరా, నీ చేతుల్లోనే వదులైపోతోంది" అంది. అది నిజం. అంతవరకు చుట్లు లెక్కపెట్టుకుంటున్నాను గానీ బిగువు పోతోందని గమనించలేదు. అమ్మ చెప్పాక కట్టిన మొదటి ముడి గుడ్డ చుట్టుకుని రెండు చేతులా లాగినా జారలేదు.

ఇక డ్రాగ్. తేలికపాటి సామానుతో సముద్రంలో గాలం వేయడమంటే సగం ఇదే. చేప ఒక హద్దు దాటి లాగినప్పుడు స్పూల్ తనంతట తాను తిరిగి లైన్ వదలాలి. ఆ హద్దు ఎంతో మనం ముందే పెట్టుకోవాలి. లైన్ తెగే బలంలో నాలుగో వంతు దగ్గర పెట్టుకోమంటారు. నా బ్రెయిడ్ 15 పౌండ్లది, సుమారు 6.8 కేజీలు. కానీ లీడర్ 12 పౌండ్లే, 5.4 కేజీలు. ఎక్కడ బలహీనమో అక్కడే తెగుతుంది కాబట్టి లెక్క లీడర్‌తోనే చూడాలి. నాలుగో వంతు అంటే 1.3 కేజీల చిల్లర. చేత్తో లాగి చూస్తే అది ఎంతో ఎవరికీ తెలియదు. విమానంలో సామాను తూచుకునే చిన్న డిజిటల్ కాటా ఇంట్లో ఉంటే లైన్ దానికి కట్టి డాబా మీదికి తీసుకెళ్ళాను.

కాటా పట్టుకుని లాగడానికి మా వాచ్‌మన్ అన్న వచ్చాడు. మహబూబ్‌నగర్ వైపు మనిషి, చిన్నప్పుడు వాళ్ళ ఊరి చెరువులో గాలం వేసినవాడే. నేను రాడ్ వంచి పట్టుకుంటే ఆయన కాటాతో వెనక్కి నడిచాడు.

"కిలోన్నర అయితుంది సార్, ఇంకా ఇడుస్తలేదు."

నేను అర చుట్టు వదులు చేశాను.

"ఇప్పుడు ఇడిసింది. కిలో మూడొందలు."

అలా పదిసార్లు చేశాం. కదలడానికి ముందు కావాల్సిన బలం, కదిలాక కావాల్సిన బలం ఒకటి కాదని కాటా చూపించింది. మొదట 1.5 దాకా ఎక్కి, స్పూల్ తిరగడం మొదలవగానే 1.2కి పడేది. ఆ మొదటి కుదుపులోనే సన్నని లైన్లు తెగుతాయి. మంచి రీల్‌లో ఈ తేడా తక్కువ ఉంటుంది. రీల్‌కి కాస్త ఎక్కువ డబ్బు పెట్టమని చెప్పేది అందుకే, రాడ్‌కి కాదు.

విసరడం కూడా అక్కడే నేర్చుకున్నాను. గాలం లేకుండా పది గ్రాముల సీసం కట్టి, డాబా ఆ చివర ప్లాస్టిక్ టబ్బు పెట్టి దాంట్లో పడేలా విసిరేవాణ్ణి. పొట్టి రాడ్‌ని భుజంతో ఊపకూడదు, మణికట్టుతో చిన్నగా కొరడా ఝళిపించినట్టు విదిలించాలి. సీసం పడ్డాక రీల్ మీద లైన్ జారకుండా ఆపే తీగని (బెయిల్) హ్యాండిల్ తిప్పి కాకుండా చేత్తో మూయాలి, ఆ తర్వాత లైన్ ఒకసారి బిగువుగా లాగాలి. ఈ చిన్న అలవాటుతో నా చిక్కుముళ్ళలో ముప్పాతిక వంతు పోయాయి.

మే నెలలో వెళ్దామని సెలవు అడిగాను. మిత్రుడు నవ్వి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో ఇంజను పడవలకి వేట నిషేధం అని చెప్పాడు. చేపలు గుడ్లు పెట్టే కాలం, 61 రోజులు. ఆ తర్వాత వానలు, తుపాన్లు. కాబట్టి ఫిబ్రవరి దాకా ఆగాను. ఆగడం మంచిదే అయింది, డాబా మీద చేయి కుదిరింది.

నాంపల్లిలో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. రాడ్‌ని ప్లంబింగ్ షాపులో కొన్న రెండంగుళాల పీవీసీ పైపులో పెట్టి రెండు వైపులా మూతలు బిగించాను. బెర్తు కింద అడ్డంగా పడింది, ఎవరికీ అడ్డు కాలేదు. తొమ్మిదడుగులదైతే ఎక్కడ పెట్టేవాణ్ణో. సముద్రం లేని ఊళ్ళో ఉండేవాళ్ళకి పొట్టి రాడ్ నప్పడానికి ఇదీ ఒక కారణమే.

మొదటి రోజు రుషికొండ దగ్గర ఒడ్డు నుంచి వేసి చూశాను. లాభం లేదు. కెరటాలు విరిగే చోటు దాటి విసరలేకపోయాను. పొట్టి రాడ్ లైన్‌ని నీటికి దగ్గరగా ఉంచుతుంది కాబట్టి వచ్చే ప్రతి అలా లైన్ మీద పడి పక్కకి ఈడ్చుకుపోయింది. ఇసుక ఒడ్డున ఉన్నవాళ్ళు పది అడుగుల రాడ్‌లే వాడాలి, దాంట్లో అనుమానం లేదు. ఈ సామాను పడవకి, రాళ్ళ గట్టుకి, ఏటి మొగకి మాత్రమే. గంటలో తిరిగి వచ్చేశాను.

మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకి పల్లె ఒడ్డున ఉన్నాం. చీకట్లో నలుగురు భుజాలు పట్టి తెప్పని నీళ్ళలోకి తోశారు. మూడు కెరటాలు దాటేదాకా గట్టిగా పట్టుకో అన్నారు మావయ్య. లైఫ్ జాకెట్ నా కోసమే ఒకటి తెప్పించి ఉంచారు. తెల్లారుతుండగా ఇంజను ఆపి, ఒడ్డున కొండ నెత్తి, దాని ముందు గుడి శిఖరం ఒక గీతలోకి వచ్చేదాకా తెడ్డు వేశారు. "ఇక్కడ అడుగున బండలున్నాయి బాబూ. పది బారలు." జీపీఎస్ ఏదీ లేదు.

ఇరవై గ్రాముల జిగ్ వదిలాను. చేప ఆకారంలో ఉండే మెరిసే లోహపు ముక్క, తల దగ్గర దారంతో వేలాడే చిన్న గాలం. అడుగుకి తగలగానే లైన్ ఒక్కసారి వదులవుతుంది, ఆ వదులు కనిపెట్టడమే కష్టం. వెంటనే తీగ మూసి, పిడిని చంకలో ఇరికించుకుని, చిన్న విదిలింపు, అర చుట్టు, మళ్ళీ విదిలింపు, మళ్ళీ అర చుట్టు. ఐదున్నర అడుగుల రాడ్‌తో ఈ పని గంటసేపు చేసినా చేయి నొప్పి పుట్టలేదు. అరచేయంత పారలు మూడు పడ్డాయి, మూడూ తిరిగి నీళ్ళలోకి పోయాయి. అంత చిన్న చేప కూడా రాడ్‌ని నడుం దాకా వంచింది. ఆ చేతికి తెలిసే ప్రాణం కోసమే నేను ఇంత దూరం వచ్చాను. లావు రాడ్ మీద అదే చేప పడితే పడిందని కూడా తెలియదు.

ఎనిమిది దాటాక కుడివైపు పక్షులు గుమిగూడి నీళ్ళలోకి దూకడం మొదలైంది. వాటి కింద నెత్తళ్ళు వాన చినుకులు పైకి లేచినట్టు ఎగురుతున్నాయి. "తూరలు!" అని మావయ్య ఇంజను వేశారు. గుంపు మధ్యలోకి పోనీయలేదు, అలా పోతే చేపలు మునిగిపోతాయట. గాలివాటుకి కాస్త దూరంలో ఆపి అంచుకి వేయమన్నారు. వేశాను. నాలుగు చుట్లు తిప్పానో లేదో, రాడ్ ఒక్క ఊపున వంగి రీల్ కూత పెట్టింది.

తూర అంటే చిన్న జాతి ట్యూనా. దాని పరుగు గురించి విన్నాను గానీ విన్నదానికీ దీనికీ పోలిక లేదు. లైన్ పోతూనే ఉంది. యాభై మీటర్లు, అరవై, స్పూల్ అడుగు కనపడేలా ఉంది. టెన్షన్‌లో నా చేయి దానంతట అదే డ్రాగ్ మీదికి పోయింది. ఒక చుట్టు బిగించాను. ఠప్పున అంతా తేలికైపోయింది. లీడర్ తెగింది. జిగ్, గాలం ఆ చేప నోట్లోనే ఉండిపోయాయి.

చాలాసేపు మాట్లాడలేకపోయాను. చేప పోయినందుకు కాదు, నోట్లో ఇనుము వేసుకుని పోయిందే అని. చేసిన తప్పు ఇది: డ్రాగ్ స్పూల్‌ని పట్టి ఉంచుతుంది, లైన్‌ని కాదు. లైన్ పోయేకొద్దీ స్పూల్ మీది చుట్ట సన్నబడుతుంది. చుట్ట వ్యాసం సగానికి తగ్గితే అదే డ్రాగ్ సెట్టింగ్‌కి లైన్ మీద పడే బలం రెట్టింపవుతుంది. దానికి తోడు నీళ్ళలో ఉన్న అరవై మీటర్ల లైన్ ఈడ్పు. నేనేమీ చేయకపోయినా డ్రాగ్ తనంతట తానే బిగుస్తూ వస్తోంది, నేను ఇంకా బిగించాను. వదులు చేయాల్సిన సమయం అది.

మావయ్య ఈ లెక్కలేవీ చెప్పలేదు. "ఇటు రా బాబూ" అని తన చేతి తాడు నా చేతికిచ్చారు. చూపుడు వేలికి పాత సైకిల్ ట్యూబు ముక్క ఉంగరంలా తొడిగారు. తాడుని ఆ రబ్బరు మీదుగా పోనిచ్చి, అవతలి కొస తాను పట్టుకుని చేపలాగా లాగారు. నేను గట్టిగా పట్టుకున్నాను.

"ఒగ్గు బాబూ, ఒగ్గు. నువ్వు బిగిస్తే సేప ఆగదు, తాడు తెగిపోద్ది. అది పోతన్నప్పుడు ఒగ్గు. అలిసి ఆగినప్పుడు నువ్వు లాగు."

వేలు కొంచెం వంచితే తాడు ఆగుతోంది, కొంచెం చాపితే జారుతోంది. వెంట్రుకవాసి తేడా. ఆయన ఒక్కసారిగా గుంజితే ఆ సంగతి నా బుర్రకంటే ముందు వేలికి తెలిసింది. అప్పుడు ఆయన వేలు చూశాను. చూపుడు వేలి నడి కణుపు మీద తాడు పోయి పోయి గాడి పడింది. నలభై ఏళ్ళ గాడి. డాబా మీద లీటరు సీసా వేలికి చుట్టుకుని ఎత్తినప్పుడు తేలిగ్గా ఉందే అనుకున్నాను తప్ప ఆ పైన ఆలోచించలేదు. నేను తొమ్మిదడుగుల నుంచి ఐదున్నరకి రావడానికి ఏడాది పట్టింది. ఈయన రాడ్ పొడవు ఒక వేలు. డ్రాగ్ కూడా అదే వేలు.

తొమ్మిదిన్నరకి గుంపు మళ్ళీ లేచింది. ఈసారి డ్రాగ్‌ని డాబా మీద పెట్టిన దానికంటే కాస్త వదులుగా ఉంచాను. చేప పట్టగానే కుడి చేయి రాడ్ మీద, ఎడమ చూపుడు వేలు స్పూల్ అంచు మీద. పరుగు తీస్తే వేలు ఎత్తేశాను. నెమ్మదిస్తే వేలు ఆనించాను, అంతే. మావయ్య వెనక నుంచి "ఒగ్గు... ఒగ్గు... ఇప్పుడు లాగు" అంటూనే ఉన్నారు. మూడు పరుగులయ్యాక చేప తెప్ప కిందికి వచ్చి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఇక్కడే పొట్టి రాడ్ విలువ తెలుస్తుంది. కొస తెప్ప అంచుకి తగలకుండా నీళ్ళ వైపుకి దించి, చేప తల ఎటు తిరిగితే అటు తిప్పుతూ, పిడి నలభై ఐదు డిగ్రీలు దాటకుండా కొద్ది కొద్దిగా ఎత్తాను. ఏడెనిమిది నిమిషాలకి నీలం వీపు మీద ముదురు గీతలు కనిపించాయి. మిత్రుడు వలబుట్ట పట్టాడు. సామాను కాటా మీద 2.3 కేజీలు.

మావయ్య ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు. మొప్పల దగ్గర కోసి నెత్తురు పోనిచ్చి ఐసు పెట్టెలో పెట్టారు. ట్యూనా జాతి చేపల్ని వెచ్చగా వదిలేస్తే మాంసంలో హిస్టమిన్ పుడుతుంది, తర్వాత ఎంత ఉడికించినా అది పోదు, తిన్నవాళ్ళకి దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. పట్టిన చేపని తినాలనుకుంటే ఐసు లేకుండా బయల్దేరకూడదు. ఆ తర్వాత పడిన రెండు చిన్న తూరల్ని వదిలేశాం. వాటిని పక్కకి పెట్టి మెల్లగా వదిలితే బతకవు. ఈదుతూ ఉంటేనే వాటి మొప్పల్లోకి నీళ్ళు పోతాయి. తల కిందికి పెట్టి బాణంలా నీళ్ళలోకి విసరాలి.

ఇంకా సన్నని లైన్‌తో, ఇంకా చిన్న రాడ్‌తో పడితే గొప్ప అనేవాళ్ళతో నేను ఏకీభవించను. అరగంట పోరాడిన చేప ఒంట్లో లాక్టిక్ ఆమ్లం నిండిపోతుంది, వదిలినా చాలాసార్లు కోలుకోదు. తెగిన లైన్ ఏళ్ళ తరబడి నీళ్ళలో ఉంటుంది. నేను వెళ్ళిన ఫిబ్రవరి నెలలోనే అదే తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. పది నిమిషాల్లో పడవ పక్కకి తేలేని సామాను ఆ చేపకి తగిన సామాను కాదు. అందుకే ఇప్పుడు తూరల కోసం వెళ్తే లీడర్ 12 పౌండ్లు కాదు, 20 వాడుతున్నాను. రాడ్ మాత్రం అదే.

మధ్యాహ్నం అత్తయ్య తూర పులుసు పెట్టారు. చింతపండు కాస్త ఎక్కువే వేశారు, ఆ ఎర్ర మాంసానికి అలాగే ఉండాలట.

హైదరాబాద్ వచ్చిన రాత్రే రీల్‌ని కుళాయి కింద సన్నని ధారతో కడిగాను. గట్టిగా పైపు పెడితే ఉప్పు లోపలికి పోతుంది. డ్రాగ్ పూర్తిగా వదులు చేసి, ఆరబెట్టి, రింగులు ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచాను. ఆ ఆదివారం మళ్ళీ డాబా మీదికి వెళ్తే వాచ్‌మన్ అన్న తనే కాటా అడిగాడు. ఈసారి వద్దన్నాను. లైన్ కొస ఆయన చేతికిచ్చి, మీ ఇష్టం వచ్చినట్టు లాగండి, చెప్పకుండా లాగండి అన్నాను. డ్రాగ్ సగానికి వదులు చేసి, స్పూల్ అంచు మీద వేలు పెట్టాను. ఆయన రెండడుగులు నెమ్మదిగా వేసి, ఉన్నట్టుండి నీళ్ళ ట్యాంకు వైపు పరుగు తీశాడు.

"ఇడుస్తున్నవా సార్?"

"ఇడుస్తున్న అన్నా, పో."